ఎరుగబడుట (క్రైస్తవ నిరీక్షణ)

ఎరుగబడుట అనేది క్రైస్తవ మతంలో పరలోక నిరీక్షణకు సంబంధించిన ఒక ముఖ్య భావన. పునరుత్థానం తరువాత విశ్వాసి దేవుని ముఖాముఖిగా చూస్తాడని, దేవుడు తనను ఎంత సంపూర్ణంగా ఎరిగి ఉన్నాడో అంత సంపూర్ణంగా తానూ దేవుని ఎరుగుతాడని, ఆ ఎరుకలో భయం గాని సిగ్గు గాని ఉండవని, అది ప్రేమతో నిండినదని ఈ భావన సారాంశం. దీనికి ప్రధాన ఆధారం అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలోని 13వ అధ్యాయం. సామాన్యంగా పరలోకమనగానే బంగారు వీధులు, బాధలు లేని స్థలం గుర్తుకు వస్తాయి. అయితే పరలోకంలో విశ్వాసి పొందేది ఒక స్థలం కంటే ముందు ఒక సంబంధమని క్రైస్తవ బోధకులు ఆదినుండి చెబుతూ వచ్చారు. ఈ వ్యాసం ఆ భావన యొక్క బైబిలు మూలాలను, తెలుగు పదజాలాన్ని, చరిత్రను, కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు క్రైస్తవుల జీవితంలో దానికి గల ప్రాముఖ్యాన్ని వివరిస్తుంది.

పదము - అర్థము

వాడుక తెలుగులో "నిరీక్షణ" అంటే ఎదురుచూడటం. తెలుగు బైబిలు అనువాదకులు గ్రీకు భాషలోని "ఎల్పిస్" అనే పదానికి ఈ మాటనే ఎంచుకున్నారు. అందువలన తెలుగు క్రైస్తవుల భాషలో నిరీక్షణ అంటే ఆశ, నమ్మకంతో కూడిన ఎదురుచూపు అనే రెండు అర్థాలూ కలిసి ఉన్నాయి. కన్నడ బైబిలులో కూడ ఇదే స్థానంలో "నిరీక్షె" అనే పదం ఉన్నది. కర్ణాటక సరిహద్దున ఉండి, తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించే ఆదోని ప్రాంతంలో ఈ మాట రెండు భాషల వారికీ పరిచితమైనదే.

"ఎరుగు" అనే క్రియకు కూడ ప్రత్యేకత ఉన్నది. ఒక విషయం తెలియడం వేరు, ఒక మనిషిని ఎరగడం వేరు. "అతని గురించి తెలుసు" అన్నప్పుడు సమాచారం ఉన్నదని అర్థం. "అతనిని ఎరుగుదును" అన్నప్పుడు పరిచయం, సంబంధం ఉన్నవని అర్థం. హీబ్రూ భాషలోని "యాదా" అనే క్రియకు ఇదే స్వభావం ఉన్నది. దంపతుల మధ్యగల సాన్నిహిత్యానికి కూడ పాత నిబంధన ఈ క్రియనే వాడుతుంది. పౌలు గ్రీకులో "గినోస్కో" అనే సామాన్య క్రియను, దానికి ఉపసర్గ చేర్చిన "ఎపిగినోస్కో" అనే బలమైన రూపాన్ని పక్కపక్కన వాడాడు. మొదటిది ఇప్పటి కొద్దిపాటి ఎరుక, రెండవది అప్పటి పూర్ణమైన ఎరుక. తెలుగు అనువాదం ఈ భేదాన్ని "పూర్తిగా" అనే మాట చేర్చి చూపించింది. వాడుకలో అంతగా లేని "ఎరుగబడు" అనే కర్మణి రూపం తెలుగు క్రైస్తవులకు ఈ వచనం ద్వారానే పరిచయమైనది.

విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజ్ 1805 నుండి బైబిలు తెలుగు అనువాదానికి పూనుకున్నారు. తరువాతి కాలంలో ఆ పనిని సవరించినవారిలో జాన్ హే, జాన్ స్మిత్ వార్డ్‌లా ముఖ్యులు. వార్డ్‌లా బళ్ళారిలో పనిచేసినవాడు. అక్కడ 1846లో మొదలైన వార్డ్‌లా పాఠశాల ఆయన పేరుతోనే ప్రసిద్ధమైనది. ఆ కాలంలో ఆదోని బళ్ళారి జిల్లాలోని తాలూకా.

బైబిలులో ఈ భావన

పాత నిబంధన

దేవుడు మనిషిని పేరుతో ఎరుగుతాడనే భావం పాత నిబంధనలో అనేక చోట్ల కనిపిస్తుంది. మోషేను పేరుతో ఎరిగినట్లు నిర్గమకాండము (33వ అధ్యాయం) చెబుతుంది. యిర్మీయా ప్రవక్తను తల్లి గర్భంలో రూపొందక ముందే ఎరిగినట్లు ఆయన గ్రంథపు మొదటి అధ్యాయంలో ఉన్నది. యెషయా గ్రంథం (49వ అధ్యాయం) దేవుడు తన ప్రజలను అరచేతుల మీద చెక్కుకొన్నట్లు వర్ణిస్తుంది.

ఆదికాండము 16వ అధ్యాయంలోని హాగరు వృత్తాంతం ఇక్కడ గమనించదగినది. హాగరు ఐగుప్తు దేశపు దాసి. యజమానురాలి బాధ భరించలేక ఎడారిలోకి పారిపోతుంది. ఆమెను పేరుపెట్టి పిలిచినది ఇంటివారు కాదు, ఎడారిలో కనిపించిన దేవదూత. అప్పుడామె దేవునికి తనను చూచుచున్నవాడు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. బైబిలులో దేవునికి పేరు పెట్టిన మొదటి వ్యక్తి ఈ పరదేశి దాసియే.

139వ కీర్తన ఈ భావనకు అత్యంత విస్తృతమైన వ్యక్తీకరణ. మనిషి కూర్చోవడం, లేవడం, పలుకబోయే మాట, గర్భంలో పిండ దశ, ఇవన్నీ దేవునికి తెలుసునని కవి చెబుతాడు. 13, 15 వచనాలలో హీబ్రూ మూలం వాడిన క్రియలు నేత పనికి, బుటా పనికి సంబంధించినవి. తల్లి గర్భం ఒక మగ్గమై, బిడ్డ అక్కడ నేయబడుతున్నట్లు ఆ ఉపమానం. తెలుగు అనువాదం నిర్మించుట అనే సామాన్య క్రియను వాడినందున మగ్గం మరుగున పడింది. చేనేతకు పేరుపొందిన ఎమ్మిగనూరులో మూలార్థం వివరించనవసరం లేకుండానే బోధపడుతుంది. నేసినవానికి తన వస్త్రంలో తెగి ముడిపడిన పోగు ఎక్కడున్నదో కొన్నవానికంటే బాగా తెలుసు. దేవుడు మనిషిని ఎరగడం అటువంటిది.

క్రొత్త నిబంధన

యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసు తనను గొర్రెల కాపరితో పోల్చుకున్నాడు. కాపరి గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడు, అవి అతని స్వరాన్ని గుర్తుపడతాయి. గొర్రెల పెంపకం బాగా ఉన్న పశ్చిమ కర్నూలు గ్రామాలలో ఇది రోజూ కనిపించే దృశ్యమే. బయటివారికి మంద అంతా ఒకేలా కనిపిస్తుంది, కాపరికి మాత్రం ప్రతిదీ వేరువేరుగా తెలుసు. అదే సువార్త 20వ అధ్యాయంలో పునరుత్థానుడైన యేసును మగ్దలేనే మరియ మొదట తోటమాలి అనుకుంటుంది. ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచిన క్షణంలోనే గుర్తుపడుతుంది. అంటే ఆమె ఎరగడానికి ముందు ఎరుగబడింది.

లూకా సువార్త 16వ అధ్యాయంలోని ధనవంతుడు, లాజరు ఉపమానంలో ఒక విశేషం ఉన్నది. వాకిట పడి ఉన్న బిచ్చగానికి పేరు ఉన్నది, విందులు చేసిన ధనవంతునికి పేరు లేదు. లోకంలో జరిగే దానికి ఇది తలక్రిందులు. ప్రకటన గ్రంథం (2వ అధ్యాయం) జయించినవానికి ఇవ్వబడే తెల్లని రాతిని గురించి, దానిమీద పొందినవానికి తప్ప మరెవరికీ తెలియని క్రొత్త పేరును గురించి చెబుతుంది. అదే గ్రంథపు చివరి అధ్యాయం దేవుని సేవకులు ఆయన ముఖాన్ని చూస్తారని, ఆయన పేరు వారి నొసళ్ళ మీద ఉంటుందని వర్ణిస్తుంది.

1 కొరింథీ 13వ అధ్యాయం ప్రేమను గురించినది. దాని చివరి భాగంలో పౌలు ఇప్పటి జ్ఞానాన్ని అద్దంలో కనిపించే ప్రతిబింబంతో పోల్చాడు. ఆ కాలపు అద్దాలు గాజువి కావు, మెరుగు పెట్టిన లోహపు పలకలు. వాటిలో రూపం మసకగా కనిపించేది. అద్దం స్థానంలో ముఖాముఖి దర్శనం వస్తుందని, ఎరుక సంపూర్ణమవుతుందని, విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ నిలుస్తాయని, వాటిలో ప్రేమ శ్రేష్ఠమైనదని అధ్యాయం ముగుస్తుంది. ఇక్కడ కాలభేదం ముఖ్యమైనది. మనిషి దేవుని పూర్తిగా ఎరగడం భవిష్యత్తులో జరగవలసినది. దేవుడు మనిషిని పూర్తిగా ఎరగడం మాత్రం ఇప్పటికే జరిగినది. కాబట్టి పరలోకంలో దేవునికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. తాను ఎరుగబడ్డానన్న సంగతిని మనిషి అప్పుడు పూర్తిగా గ్రహిస్తాడు.

ఎరుగబడుటలోని భయం

సంపూర్ణంగా ఎరుగబడుట అందరికీ వెంటనే సంతోషం కలిగించే విషయం కాదు. ఆదికాండము 3వ అధ్యాయంలో ఆదాము, హవ్వ తప్పు చేసిన తరువాత చెట్ల చాటున దాగారు. 139వ కీర్తన కర్త కూడ దేవుని సముఖం నుండి ఎక్కడికి పారిపోగలనని అడుగుతాడు. దాచినదంతా వెల్లడి అవుతుందని యేసు హెచ్చరించాడు. తీర్పు దినాన కొందరితో వారిని తాను ఎన్నడూ ఎరుగనని చెబుతానని కూడ ఆయన అన్నట్లు మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ఉన్నది. సర్వజ్ఞుడైన దేవునికి వారిని గురించిన సమాచారం లేదని దీని అర్థం కాదు, వారితో సంబంధం లేదని అర్థం.

లోకంలో మనిషి తన లోపాలను దాచుకొని ప్రేమను సంపాదించుకొంటాడు. అసలు సంగతి తెలిస్తే ఆ ప్రేమ నిలవదేమోనన్న భయం అడుగున ఉంటుంది. మరికొన్ని చోట్ల లోపాలు తెలుస్తాయి గాని ప్రేమ దొరకదు. ఈ రెండూ ఒకేచోట కలవడం అరుదు. క్రైస్తవ బోధ ప్రకారం అవి సిలువ వద్ద కలిశాయి. మనుష్యులు ఇంకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు వారికొరకు మరణించాడని రోమా పత్రిక (5వ అధ్యాయం) బోధిస్తుంది. అంటే ప్రేమించబడిన తరువాత బయటపడగల రహస్యం ఏదీ మిగలలేదు.

దీనికి యోహాను సువార్త 21వ అధ్యాయంలోని పేతురు సంఘటన ఉదాహరణ. యేసు ఎవరో తాను ఎరుగనని పేతురు ముమ్మారు బొంకినవాడు. పునరుత్థానుడైన యేసు ముమ్మారు ప్రేమను గురించి అడిగినప్పుడు అతడు తన పట్టుదలను గాని మంచితనాన్ని గాని సాక్ష్యంగా చూపలేదు. ప్రభువుకు అంతా తెలుసునన్న సంగతినే ఆశ్రయించాడు. అంతకుముందు భయం కలిగించిన ఎరుకే అక్కడ అతనికి ఆధారమైనది.

క్రైస్తవ చింతనలో చరిత్ర

* అగస్టీను (354-430) తన ఒప్పుకోలు గ్రంథంలోని పదవ భాగాన్ని, తాను ఎరుగబడిన విధంగానే దేవుని ఎరగాలనే ప్రార్థనతో ప్రారంభించాడు. మనిషి తనకు తానే ఒక చిక్కుప్రశ్న అని, తనను తాను తెలుసుకొనేది కూడ దేవుని వెలుగులోనే అని ఆయన అభిప్రాయం.
* నాల్గవ శతాబ్దానికి చెందిన నిస్సా గ్రెగొరీ దేవుడు అనంతుడు గనుక ఆయనను ఎరగడం ఎన్నటికీ ముగియదని బోధించాడు. పరలోకం ఆగిపోయిన స్థితి కాదు, అంతులేని పురోగతి అని ఆయన వాదం.
* 1336లో పోపు పన్నెండవ బెనెడిక్టు వెలువరించిన శాసనం ప్రకారం, శుద్ధి పొందిన ఆత్మలు తుది తీర్పు వరకు వేచి ఉండనవసరం లేకుండ దేవుని ముఖాముఖిగా దర్శిస్తాయి. కాథలిక్కు సంఘంలో దీనిని దివ్యదర్శనం అంటారు.
* తూర్పు ఆర్థడాక్సు సంఘాలు దేవుని సారతత్త్వం ఎప్పటికీ అగోచరమేనని, ఆయన శక్తులలో మాత్రమే మనిషి పాలుపొందుతాడని చెబుతాయి. దీనిని స్థిరపరచినవాడు పద్నాల్గవ శతాబ్దపు గ్రెగొరీ పలమాసు.
* సంస్కరణ కాలంలో మరణానికీ పునరుత్థానానికీ మధ్య ఆత్మ నిద్రిస్తుందా, మేల్కొని ఉంటుందా అన్న వివాదం తలెత్తింది. జాన్ కాల్విన్ ఆత్మనిద్రను ఖండిస్తూ ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. అది 1542లో ముద్రితమైనది.
* అమెరికాకు చెందిన జోనాథన్ ఎడ్వర్డ్స్ (1703-1758) 1 కొరింథీ 13వ అధ్యాయం మీద చేసిన ప్రసంగాల చివరి భాగంలో పరలోకాన్ని ప్రేమలోకంగా వర్ణించాడు. అక్కడ అసూయ ఉండదు గనుక ఒకరి ఆనందం మరొకరి ఆనందాన్ని పెంచుతుందని ఆయన వివరణ.
* సి. ఎస్. లూయిస్ 1941లో ఆక్స్‌ఫర్డులో చేసిన ప్రసంగంలో మహిమ అనే మాటకు దేవుని మెప్పు పొందుట, ఆయన చేత గుర్తింపబడుట అనే అర్థాన్ని చెప్పాడు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో

చారిత్రక నేపథ్యం

1800లో నిజాం బ్రిటిషు వారికి అప్పగించిన దత్తమండలాలలో ఆదోని ఒక భాగం. తరువాత ఇది బళ్ళారి జిల్లాలో చేరి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. 2022లో నంద్యాల జిల్లా విడిపోయిన తరువాత కూడ ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారికి వచ్చి మిషను స్థాపించాడు. బైబిలు కన్నడ అనువాదం ఆయన కృషియే. ఆ సొసైటీ ఏర్పరచిన సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. కాథలిక్కుల కర్నూలు మేత్రాసనం 1967లో ఏర్పడింది. బాప్తిస్టు, పెంతెకొస్తు, ఇతర స్వతంత్ర సంఘాలు కూడ ఈ జిల్లాలో ఉన్నాయి.

1876-78 నాటి మహాక్షామం బళ్ళారి, కర్నూలు జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. 1881 జనాభా లెక్కలలో ఈ జిల్లాల జనసంఖ్య అంతకుముందు కంటే తగ్గినట్లు తేలింది. చనిపోయినవారిలో అత్యధికుల పేర్లు ఎక్కడా వ్రాయబడలేదు, వారు మొత్తం సంఖ్యలో తగ్గుదలగా మాత్రమే మిగిలారు. ఈ క్షామం తరువాత తెలుగు ప్రాంతాలలో దళితులు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలో చేరారు. ఒంగోలు మిషను ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం ఇందులో ప్రసిద్ధమైన ఘట్టం.

పేరు

మాల, మాదిగ కులాలనుండి క్రైస్తవులైనవారికి బాప్తిస్మ సమయంలో పెట్టిన పేరు కేవలం మతచిహ్నం కాదు. గ్రామాలలో వారి పేర్లను కుదించి, చివర "గాడు" చేర్చి పిలవడం పరిపాటిగా ఉండేది. ఊరికి దూరంగా ఉన్న గేరి పేరుతోనే మనిషిని గుర్తించేవారు. బాప్తిస్మంలో ఆ మనిషిని పదిమంది ఎదుట పూర్తి పేరుతో పిలిచి, ఆ పేరును సంఘపు పుస్తకంలో వ్రాసేవారు. దేవుని గ్రంథంలో పేరు వ్రాయబడుట అనే బైబిలు భావం వారికి ఈ అనుభవం ద్వారా అర్థమైనది.

అయితే పేరు విషయంలో ఒక చిక్కు నేటికీ ఉన్నది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులాలవారుగా పరిగణింపబడ్డారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఇందులో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతులలోని 'సి' విభాగం క్రిందకు వస్తారు, దీనికి ఒక శాతం రిజర్వేషను ఉన్నది. ఈ సమస్యను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించింది. దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాలలో చేర్చాలని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది.

దీని ఫలితంగా ఎన్నో కుటుంబాలలో బడి రికార్డులలో ఒక పేరు, ప్రార్థనా మందిరంలో మరొక పేరు ఉండటం రాష్ట్రమంతటా కనిపిస్తుంది. దీనిని కొందరు అవకాశవాదమని, కొందరు చట్టం కల్పించిన నిర్బంధమని అంటారు. చర్చ ఎటు తేలినా, ఒకచోట తనను తాను తెలుపుకొనలేని మనిషికి ఏ పేరూ దాచనవసరం లేని స్థలం ఒకటి ఉన్నదన్న మాటకు గల బరువు వేరు.

సుగ్గి

పశ్చిమ కర్నూలు వర్షాధార ప్రాంతం. తుంగభద్ర దిగువ కాలువ పారే కొన్ని ఊళ్ళు తప్ప మిగిలిన చోట్ల పంటలు తరచు విఫలమవుతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద మొదలైన మండలాలనుండి ప్రతి ఏటా వేలాది కుటుంబాలు మిరప, ప్రత్తి కోతలకు గుంటూరు వైపుకు, కట్టడపు పనులకు బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరాలకు వలస పోతాయి. దీనిని స్థానికంగా "సుగ్గికి పోవడం" అంటారు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం. ఈ నెలల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి, పిల్లల చదువు ఆగిపోతుంది, గ్రామ సంఘాలలో ఆదివారపు ఆరాధనకు వృద్ధులే మిగులుతారు.

వలస వెళ్ళినవారు ఆ దూరపు చేలలో, పట్టణాలలో పేరు లేని కూలీలు. మేస్త్రీ లెక్కలో తలల సంఖ్య ఉంటుంది. ఎడారిలో పేరుతో పిలువబడిన హాగరు వృత్తాంతం, మందలో ఒక్కటి తప్పినా లెక్కలో కాక పేరులో తేడా గమనించే కాపరి ఉపమానం ఇటువంటి శ్రోతలకు ఎంతో దగ్గరగా ఉంటాయి. పౌలు చెప్పిన ప్రకారం వారు ఇప్పటికే ఎరుగబడినవారు. పరలోకం ఆ సంగతి అందరి ఎదుట వెల్లడి అయ్యే చోటు.

ఆచారాలలో

తెలుగు క్రైస్తవులు మరణాన్ని "ప్రభువునందు నిద్రించుట", "మహిమలో ప్రవేశించుట" అనే మాటలతో సూచిస్తారు. మృతదేహాన్ని పాతిపెట్టే కార్యక్రమాన్ని భూస్థాపన అంటారు. వచ్చినవారందరూ తలా ఒక పిడికెడు మట్టి వేస్తారు. తరువాత జరిగే జ్ఞాపకార్థ కూడికలో చనిపోయిన వ్యక్తిని గురించి ఎరిగినవారు సాక్ష్యం చెబుతారు. కాథలిక్కులు నవంబరు 2న సకల మృతుల స్మరణ దినాన్ని ఆచరిస్తారు. దీనికి సమాధుల పండుగ అని వాడుక. ఆ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు, కొవ్వొత్తులు పెట్టి, పేరుపేరున ప్రార్థన చేస్తారు. ప్రొటెస్టెంటు సంఘాలలో ఎన్నో చోట్ల ఈస్టరు వేకువజామున శ్మశానంలో ఆరాధన జరుగుతుంది. రాతి పలక వేయించే స్తోమత లేని కుటుంబాల సమాధులు కొన్నేళ్ళకు గుర్తుపట్టలేనివి అవుతాయి. పేరు చెరిగిపోయినా పిలిచేవాడు మరువడన్నదే ఆ వేకువ ప్రార్థనల సారం.

ఆత్మీయులను గుర్తించడం

పరలోకంలో తల్లిదండ్రులను, బిడ్డలను గుర్తుపట్టగలమా అన్న ప్రశ్నను సామాన్య విశ్వాసులు తరచు అడుగుతారు. మూడవ శతాబ్దపు కార్తేజు బిషప్పు సిప్రియాను తెగులు వ్యాపించిన కాలంలో వ్రాసిన గ్రంథంలో, ముందుగా వెళ్ళిన ఆత్మీయులు అక్కడ ఎదురుచూస్తున్నారని చెప్పి ప్రజలను ఓదార్చాడు. పునరుత్థానమందు పెండ్లి ఉండదని యేసు చెప్పిన మాటను బట్టి బంధాలన్నీ రద్దవుతాయని కొందరు భావిస్తారు. బంధాలు రద్దు కావు, విశాలమవుతాయన్నది ఎక్కువమంది వ్యాఖ్యాతల మతం. యేసు పునరుత్థానుడైన తరువాత కూడ గాయాల గుర్తులతో కనిపించాడు, శిష్యులను పేరుతో పిలిచాడు. కాబట్టి ఒక మనిషి చరిత్ర పరలోకంలో తుడిచివేయబడదని, స్వస్థత పొందుతుందని వారు వివరిస్తారు.

ఇతర మతాలతో పోలిక

ఈ ప్రాంతంలోనే తుంగభద్రా తీరాన ఉన్న మంత్రాలయం ద్వైత సంప్రదాయానికి ప్రసిద్ధ కేంద్రం. రాఘవేంద్రస్వామి 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేశారు. ద్వైతమతం ప్రకారం మోక్షంలో కూడ జీవుడు, దేవుడు వేరుగానే ఉంటారు, జీవుడు తన స్వరూపానందాన్ని అనుభవిస్తాడు. వ్యక్తి కరిగిపోడన్న విషయంలో క్రైస్తవ భావనకు ఇది అద్వైతం కంటే దగ్గరగా ఉన్నది. జీవుల మధ్య శాశ్వతమైన తారతమ్యం ఉన్నదన్న విషయంలో భేదం ఉన్నది. ఆదోనిలో పదిహేడవ శతాబ్దపు జామియా మసీదు ఉన్నది. సున్నీ ముస్లింల విశ్వాసం ప్రకారం పరలోకంలో విశ్వాసులకు అల్లాహ్ దర్శనం లభిస్తుంది, స్వర్గంలోని ఇతర సుఖాలన్నిటికంటే అది గొప్పది.

విమర్శలు

పరలోక నిరీక్షణ ఈ లోకంలోని అన్యాయాన్ని సహించేలా చేస్తుందన్నది ప్రధాన విమర్శ. కార్ల్ మార్క్స్ 1844లో మతాన్ని ప్రజల పాలిట నల్లమందుగా పేర్కొన్నాడు. తెలుగు సాహిత్యంలో గుర్రం జాషువా (1895-1971) 1941లో ప్రచురించిన గబ్బిలం కావ్యంలో, గుడి తలుపులు మూయబడిన ఒక దళితుడు తన మొరను గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి పంపుతాడు. దేవుని వద్దకు వెళ్ళే దారిలో మనుష్యులే అడ్డంగా ఉన్నారన్నది అక్కడి వేదన. క్రైస్తవ సంఘాలలోనూ కులభేదం తొలగిపోలేదని, సమాధుల స్థలాల్లో సైతం వేరుపాటు కనిపించిన సందర్భాలున్నాయని దళిత వేదాంతులు విమర్శించారు.

దీనికి ఇచ్చే సమాధానం ఇది: నిరీక్షణ ఇప్పటి జీవితానికి కొలమానం కావాలి. పౌలు ఈ మాటను వ్రాసినది చీలికలతో, ధనిక పేద భేదాలతో నిండిన సంఘానికి. ప్రభురాత్రి భోజనంలో సైతం పేదలు ఆకలితో మిగిలిపోవడాన్ని ఆయన అదే పత్రిక 11వ అధ్యాయంలో మందలించాడు. దేవుడు పేరుతో ఎరిగినవానిని సంఘం ఎరగకపోవడం ఆ నిరీక్షణకు విరుద్ధం. పక్కనున్నవాని పేరు తెలియని సంఘం ముఖాముఖి దర్శనాన్ని గురించి పాడటంలో అర్థం లేదు. సుగ్గినుండి తిరిగివచ్చిన కుటుంబాన్ని పేరుపేరున పలకరించడం, గుర్తు చెరిగిన సమాధిలో ఉన్నవారి పేరును మనవలకు చెప్పడం చిన్న పనులు. క్రైస్తవ దృష్టిలో అవి రాబోయే సంపూర్ణమైన ఎరుకకు మసక అద్దంలో కనిపించే ప్రతిబింబాలు.

ఇవి కూడా చూడండి

* పునరుత్థానము
* కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక
* దత్తమండలాలు
* ఆదోని
* ఎమ్మిగనూరు
* గుర్రం జాషువా